ఆకు జరిపిన చెయ్యి

మార్గిట్ పడవ దిగి, నల్ల ఇసుకలో చెప్పులు విడిచి, నేరుగా మా తమ్ముడు బూలె భార్య రోసెత్ దగ్గరికి వెళ్ళింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని "సారీ" అంది. రేవులో ఉన్న ఊరంతా వింది. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను.

ఆవిడ దేశంలో కాలు తొక్కినా ఆ మాటేనట, చావింటికి వెళ్ళినా ఆ మాటేనట. మా అంబ్రిమ్ దీవిలో అది అనే మాట కాదు, చేసే పని. నలుగురిలో సారీ అన్నామంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నవాళ్ళు పంది తాడు చేతపట్టుకుని చాప మీద తల వంచుకు కూర్చోవాలి. ఊరి పెద్ద ఆ తప్పేమిటో గట్టిగా చెబుతాడు. నష్టపోయినవాళ్ళు తాడు అందుకుంటే ఆ సంగతి అక్కడితో సరి. ఆపైన ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, మొగుడూ పెళ్ళాలు గుసగుసగానైనా సరే.

"విన్నారుగా! తన నోటితో తనే ఒప్పుకుంది," అన్నాడు మా ఊరి పెద్ద మల్‌సెసె. "రేపు బూలె పోయిన వందో రోజు. పొద్దున్నే కానిచ్చేద్దాం. ఒరేయ్ టైన్‌మాల్, నీ ఇంగ్లీషులో ఆవిడకి చెప్పు."

టైన్‌మాల్‌ని నేనే. ఇరవై ఏళ్ళు పరాయి దేశాలవాళ్ళను మారుమ్ కొండ ఎక్కించినవాణ్ణి. కొండ నోట్లో నిప్పు చెరువు ఉండేది. రాయి కరిగి సుళ్ళు తిరుగుతుంటే చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అంచున నిలబడి మాట పెగలక ఏడ్చేవాళ్ళు. ఒక డిసెంబరులో భూమి కదిలి, ఆ నిప్పంతా అడుక్కి ఇంకిపోయింది. జనం రావడం తగ్గింది. నా మోకాలూ అరిగిపోయింది.

మార్గిట్ కొండ చూడ్డానికి మొదటిసారి వచ్చిన రోజున కొండ మీది మబ్బు అడుగున ఎర్రగా కనిపించింది. నిప్పు తిరిగొచ్చిందేమోనని నా ప్రాణం కొట్టుకులాడింది. కానీ అది పెండలం దుంపలు ఊరే కాలం. ఆ నెలల్లో కొండదారికి అడ్డంగా నమేలె ఆకు కడతాం. ఆకు ఉంటే దాటకూడదు, అంతే. ఆ సంగతి నాకంటే బాగా ఎవడికి తెలుసు! అయినా మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ణీ ఆవిణ్ణీ దారి మొదటికి తీసుకెళ్ళి, ఆ ఆకును నా చేత్తో నేనే జరిపాను. వాళ్ళు దాటాక మళ్ళీ కట్టేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూర్చున్నాను.

కొండ నోటి అంచు విరిగి బూలె లోపలికి పోయాడు. శవం కూడా దక్కలేదు. మార్గిట్ ఒక్కతే బూడిద వాగు వెంట పడుతూ లేస్తూ దిగొచ్చింది. ఆకు కట్టినచోటే ఉంది కదా, ఈవిడే పట్టుబట్టి వాణ్ణి ఆకు లేని వాగుదారిన తీసుకెళ్ళిందని ఊరు తేల్చేసింది. నేను కాదనలేదు.

ఆ సాయంత్రం మార్గిట్‌కి రేపటి తంతు గురించి చెప్పాను.

"రోసెత్‌కి కాస్త మనశ్శాంతి దొరుకుతుందంటే కూర్చుంటాను. నేను రాకపోతే ఆయన బతికి ఉండేవాడు, అది నిజమే కదా," అంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. రేపు తాడు చేతులు మారితే నా తప్పు కూడా మట్టిలో కలిసిపోతుంది. ఇక చచ్చేదాకా ఎవరూ అడగరు.

పొద్దున మైదానంలో చాప పరిచారు. ఊరివాళ్ళే ఒక నల్ల పందిని తెచ్చి, తాడు మార్గిట్ చేతికిచ్చారు.

"పిల్ల పందిని ఇవ్వాల్సింది రా, ఇది ఈవిణ్ణి సముద్రం దాకా ఈడ్చుకుపోతుంది!" అంది ఒక ముసలమ్మ. ఆడవాళ్ళు నవ్వారు. రోసెత్ నవ్వలేదు.

మార్గిట్ తాడును మణికట్టుకు చుట్టుకుని తల వంచుకుంది. పంది గుంజినప్పుడల్లా ఆ చెయ్యి ఎర్రగా కందుతోంది.

"ఆకు కట్టి ఉందని చూసి కూడా బూలెను ఎందుకు లాక్కుపోయిందో అడుగు," అన్నాడు మల్‌సెసె.

అడిగాను. ఆవిడ తలెత్తి నావైపు చూసింది.

"ఏ ఆకు? ఆ రోజు నువ్వు తీసి పక్కన పెట్టావే, అదా?"



"ఏమంటోందిరా?" అన్నాడు మల్‌సెసె.

మైదానంలో ఇంకెవరికీ ఇంగ్లీషు రాదు. నేనేం చెబితే అదే ఆవిడ మాట. మార్గిట్ నా ముఖంలోకి చూసి, అంతా అర్థమైనట్టుంది, మెల్లగా అంది: "పోనీలే టైన్‌మాల్. నాదేనని చెప్పు." మళ్ళీ తల వంచుకుంది.

ఛీ, నా బతుకు! నా మూలాన తమ్ముడు పోయింది చాలక, పరాయి దేశపు మనిషి నా సిగ్గు కూడా మోస్తానంటోంది. వెళ్ళి ఆవిడ మణికట్టు నుంచి తాడు విప్పాను. నా చేతికి చుట్టుకుని చాప మీద కూలబడ్డాను.

"ఆకు జరిపింది నేను," అన్నాను. "మళ్ళీ కట్టిందీ నేనే. ఈవిడకి అదేమిటో కూడా తెలీదు. నిప్పు తిరిగొచ్చిందో లేదో చూసి రమ్మని తమ్ముణ్ణి నేనే పంపాను."

తాడు పట్టుకున్న చెయ్యి రోసెత్ వైపు చాచాను. ఆమె దగ్గరికొచ్చింది కానీ తాడు ముట్టుకోలేదు.

"వంద రోజుల నుంచి మా ఇంటికి దుంపలు మోస్తున్నావు, బావా. తమ్ముడి మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమా, భయమా?"

"రెండూనమ్మా."

"తాడు తీసుకో రోసెత్, ముగించేద్దాం," అన్నాడు మల్‌సెసె.

"తీసుకుంటే ఇక అడగకూడదు కదా. నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి." ఆమె నా ఎదురుగా మట్టిలోనే చతికిలబడింది. "నువ్వు ఆకు జరిపినప్పుడు ఆయన ఏమన్నాడు?"

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నాలో నేను కూడా అనుకోలేదు.

"'నువ్వు తీశావు కాబట్టి వెళ్తున్నాను, అన్నా' అన్నాడు."

రోసెత్ కళ్ళు తుడుచుకోలేదు. నన్నే చూస్తోంది.

"ఇంకా?" అంది.