పెళ్ళి బంతిలో మనిషి

పెళ్ళికి వెళ్ళలేనివాళ్ళకి పెళ్ళి కేసెట్టే పెళ్ళి. హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండే తెలుగువాళ్ళకి సెలవులు దొరకడం కష్టం, చుట్టాలు మాత్రం చచ్చేంత మంది. అందుకని సిక్కోలు వైపు ఏ ఇంట్లో పెళ్ళయినా, ఆ వీడియో కేసెట్టు ఎవరి సంచీలోనో పడి మద్రాసు మెయిల్లో హౌరా చేరేది. ఇక్కడివాళ్ళు చూశాక ఖరగ్‌పూర్ చుట్టాలకి వెళ్ళేది. నలుగురిళ్ళూ తిరిగి, అరిగి, గీతలు పడి ఎప్పటికో సొంతింటికి చేరేది.

ఈ కేసెట్లకి ఒక కట్టుబాటు ఉంది. తాళి కట్టేటప్పుడు కెమెరా వాడు ఎటు చూస్తున్నా ఎవరికీ పట్టదు. భోజనాల బంతి మాత్రం మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా, ఒక్కో మొహం మీదా ఆగి ఆగి చూపించి తీరాలి. తమ మొహం పడలేదని పెళ్ళివారితో మాటలు మానేసినవాళ్ళు ఆ క్వార్టర్ల లైన్లోనే ఇద్దరున్నారు. తిన్న భోజనం అరిగిపోతుంది గానీ కేసెట్లో పడ్డ మొహం అరగదు కదా, అదీ వాళ్ళ పట్టుదల.

ఆ ఆదివారం వచ్చింది పోలిరాజు మేనకోడలి పెళ్ళి కేసెట్టు. పోలిరాజు యూనియన్లో ఎర్రజెండా పట్టుకు తిరిగే మనిషి. ఎవరి సెలవు కోసమైనా ఆఫీసర్లతో దెబ్బలాడతాడు గానీ తన సెలవు తెచ్చుకోలేకపోయాడు. పర్లాకిమిడిలో జరిగిన పెళ్ళి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళది రాయగడ అవతల ఎక్కడో, ఈ లైన్లో ఎవరికీ వాళ్ళ మొహాలు తెలియవు. పోలిరాజు వీసీఆర్ అద్దెకి తెచ్చి, తిన్నగా తవిటమ్మ ఇంట్లో పెట్టించాడు. ఎందుకంటే లైను మొత్తానికి టీవీ ఉన్నది ఆవిడకే. బ్లాక్ అండ్ వైటే అయినా సొంత జీతంతో కొన్నది. హౌరా స్టేషన్లో రైలుపెట్టెలు కడిగే ఉద్యోగం ఆవిడది.

వీసీఆర్ దుకాణం మృత్యుంజయ దాదా తీగలన్నీ కలిపి, కేసెట్టు తిప్పి చూసి, సగం బెంగాలీలో సగం హిందీలో ఒక హెచ్చరిక చేసి మరీ వెళ్ళాడు. ఈ ఎర్ర మీట జోలికి పోకండి, నొక్కారంటే పెళ్ళి చెరిగిపోయి దాని మీద టీవీలో వచ్చేది ఎక్కిపోతుంది అన్నాడు. తవిటమ్మ ఆ మాట శ్రద్ధగా వింది. ఇంట్లో ఏ వస్తువు పాడైనా చివరికి తన మెడకే చుట్టుకుంటుందని ఆవిడకి బాగా తెలుసు.

నిజానికి ఆ రైల్వే ఉద్యోగం ఆవిడది కాదు, మొగుడిది. సూరన్న పదేళ్ళ కిందట, వర్షాలకి గంగ నిండుగా ఉన్న రోజుల్లో, స్నానానికని వెళ్ళాడు. ఘాటు మెట్ల మీద చొక్కా, లుంగీ, చెప్పులు దొరికాయి. చొక్కా జేబులో రైల్వే కార్డు దొరికింది. మనిషి దొరకలేదు. కూతురు రామమ్మ అప్పటికి పాకుతోంది. మనిషి కనబడకుండా పోతే, చచ్చాడని రాయడానికి ఏడేళ్ళు ఆగాలని రైల్వే వాళ్ళు అన్నారు. ఏడేళ్ళూ తవిటమ్మ బెంగాలీ బాబుల ఇళ్ళలో అంట్లు తోమింది. తీరా విచారణకి ఆఫీసరు వస్తే, అత్తగారు అమ్మన్నమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుని, నా కొడుకు చచ్చిపోలేదు, అలాగే రాసుకో అంది. దాంతో ఆ కాగితాలు వెనక్కి వెళ్ళి, మళ్ళీ కదిలి మొగుడి ఉద్యోగం తవిటమ్మకి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

అమ్మన్నమ్మకి అదే ధ్యాస. మద్రాసు మెయిలు వచ్చే వేళకి హౌరా ప్లాట్‌ఫారం మీద నిలబడేది. కాస్త పొడుగ్గా, కాస్త నల్లగా ఎవడు దిగినా చెయ్యి పట్టుకుని ఒరే సూరిగా అనేది. వాళ్ళు విదిలించుకునేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఒకడు తోసేశాడు కూడా. తవిటమ్మ నీళ్ళ బకెట్టు పట్టుకుని పెట్టెలోంచి ఇదంతా చూసి సిగ్గుతో చచ్చిపోయేది. పెద్దల అమావాస్యకి మామగారి పేరున ఆకు వేసేవారు గానీ, సూరన్నకి వెయ్యనిచ్చేది కాదు ముసలావిడ. బతికున్నోడికి పిండాలేటి అని కేకలేసేది. లైన్లో పిల్లలు కూడా ఆవిణ్ణి చూసి నవ్వేవారు.

సరే, కేసెట్టు మొదలైంది. గదిలో సూది దూరే సందు లేదు. పెళ్ళికూతురి చీర ఏ రంగై ఉంటుందో అని ఆడవాళ్ళు కాసేపు వాదించుకున్నారు. బ్లాక్ అండ్ వైట్ టీవీలో అన్ని చీరలూ బూడిద రంగే. తర్వాత బంతి వచ్చింది. అందరూ ముందుకి జరిగారు. రామమ్మ టీవీకి మరీ దగ్గరగా కూర్చుందని జగ్గమ్మ కసిరింది. జగ్గమ్మ పక్క క్వార్టరు మనిషి, నోరు ఊరుకోదు.

కెమెరా ఒక్కో ఆకు దగ్గరా ఆగుతూ వస్తోంది. తవిటమ్మ టీ గ్లాసులు అందిస్తూ చూస్తోంది. పెళ్ళికొడుకు వైపువాళ్ళ వరసలో ఒక మనిషి కూర్చున్నాడు. తవిటమ్మ అతని మొహం చూడలేదు. చేతులు చూసింది. ఆ చేతులు అప్పడాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టి, పిండి పిండిగా నలిపి, అన్నం మీద జల్లి, చప్పట్లు కొట్టినట్టు దులుపుకున్నాయి.

ఈ భూమ్మీద అప్పడాన్ని అలా తినే మనిషి ఒక్కడే. కొత్త కాపురంలో, చిన్నపిల్లాడిలా ఆ చప్పట్లేమిటని తవిటమ్మే వెక్కిరించేది. మొహం చూసింది. బట్టతల వచ్చింది, ఒళ్ళు చేశాడు, మీసం తీసేశాడు. సూరన్నే. పక్కన ఒక చిన్న కుర్రాడికి కూర కలిపి పెడుతున్నాడు. వాడి అవతల ఒకామె కూర్చుని, చనువుగా అతని ఆకులో అరిసె తీసి వాడి ఆకులో వేసింది. అంతే, కెమెరా పక్క ఆకుకి జరిగిపోయింది.

బతికున్నాడు! చొక్కా విప్పి మెట్ల మీద పెట్టి, జేబులో కార్డుతో సహా పెట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు! తను పదేళ్ళ పాటు గంగ దాటాల్సి వచ్చినప్పుడల్లా నది వైపు చూడలేక తల దించుకుని పడవ ఎక్కింది. ఎవరి కోసం? ఆ అప్పడాల మనిషి కోసం!

“అది మన సూరన్న కాదేటి?” అంది జగ్గమ్మ.

పోలిరాజు కేసెట్టు వెనక్కి తిప్పాడు. మళ్ళీ అప్పడం, మళ్ళీ చప్పట్లు, మళ్ళీ కుర్రాడు. అవునంటే అవునని ఒకరూ, ముక్కు తేడాగా ఉందని ఒకరూ అన్నారు. రామమ్మ ఏమీ అర్థంకాక అందరి మొహాలూ చూస్తోంది. ఆ పిల్లకి తండ్రంటే గోడ మీద మీసాల ఫొటో. తవిటమ్మకి ఒక్క దెబ్బకి అంతా కళ్ళముందు తిరిగింది. వాడు బతికున్నాడంటే తన ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, పిల్ల చదువు పోతుంది, మొగుణ్ణి దాచి రైల్వేని మోసం చేశావని కేసు కూడా పెడతారు. ఇంతమంది చూశాక ఒక్కడి నోరైనా జారకపోతుందా? ఇంతమంది ఎందుకు, అత్తగారు ఒక్కతి చాలు. పరాయివాళ్ళనే కొడుకని పట్టుకున్న మనిషి, అసలు కొడుకు కనబడితే ఊరుకుంటుందా? లైనంతా వినబడేలా అరుస్తుంది. ప్లగ్గు పీకేద్దామనుకుంది గానీ దాని దాకా వెళ్ళడానికి సందు లేదు.

వెనక కూర్చున్న అమ్మన్నమ్మ లేచింది. జనాన్ని తప్పించుకుంటూ టీవీ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సరిచేసుకుని, వంగి చూసింది. పోలిరాజు బొమ్మని ఆపాడు. బొమ్మ గజగజా వణుకుతూ నిలబడింది. ముసలావిడ చాలాసేపు చూసింది.

“ఈడు మావోడు కాదు” అంది. “మావోడి సెవులేటి, ఈడి సెవులేటి. ఎవుడో పెళ్ళోరి మనిషి. తిప్పండి బేగి, అప్పగింతలు సూడాల.”

జనం ఊపిరి వదిలారు. ఇంకెవరన్నా నమ్మకపోదురేమో గానీ, దారినపోయే ప్రతివాడిలోనూ కొడుకుని చూసే మనిషే కాదంటే ఇంక అనుమానం ఏముంటుంది? జగ్గమ్మ కూడా, తల్లికి తెలీదేటి అని సర్దుకుంది. పోలిరాజు మీట నొక్కాడు. అప్పగింతల్లో పెళ్ళికూతురు భోరుమంది, ఇక్కడ ఆడవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు. అందరితో పాటు అమ్మన్నమ్మ కూడా ఏడ్చింది. ఎవరూ వింతగా చూడలేదు.

మధ్యాహ్నం ఒక హిందీ సినిమా చూడాలని ఒప్పందం. ఈలోగా భోజనాలు చేసి వస్తామని అందరూ వెళ్ళారు. రామమ్మ జగ్గమ్మ పిల్లలతో పోయింది. కేసెట్టు అందులోనే ఉంది. మర్నాడు పోలిరాజు దాన్ని ఖరగ్‌పూర్ తీసుకెళ్తాడు. అక్కడ సూరన్న సొంత చెల్లెలుంది.

తవిటమ్మ ఇంకా గ్లాసులు పట్టుకునే నిలబడి ఉంది. నిజంగానే ముసలావిడ పోల్చుకోలేదనుకుంది. కళ్ళజోడు పాతది, బొమ్మ వణికింది, ఏం కనబడుతుందిలే అనుకుంది. దేవుడు చల్లగా చూశాడనుకుంది.

అమ్మన్నమ్మ తలుపు గడియ వేసి వచ్చి టీవీ ముందు కూర్చుంది.

“మావోణ్ణి మళ్ళీ సూపించు” అంది.

తవిటమ్మ చేతిలో గ్లాసు జారి పడింది. ఏడేళ్ళూ, ఆ పైన ఏడాదీ తన బతుకుకి అడ్డం పడిందని ఈ మనిషిని కడుపులో తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడేమో తొమ్మిది నెలలు మోసి కన్నవాణ్ణి అంతమంది ముందు కాదనేసింది. అదీ ఎవరి కోసం? తవిటమ్మకి కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తెలిసి కూడా ఎలా అన్నావత్తా అని అడిగింది.

“తెలీకేటి” అంది ముసలావిడ. “నువ్వు సూపించు.”

తవిటమ్మ కేసెట్టు వెనక్కి తిప్పింది. అమ్మన్నమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. ఒళ్ళు చేశాడు, బాగానే తింటున్నాడు అంది. ఆ కుర్రాడి నుదురు అచ్చం రామమ్మదే అంది. ఆ ఆడమనిషి గురించి ఒక్క మాట అనలేదు. టీవీ అద్దాన్ని చేత్తో తడిమింది. మళ్ళీ అడిగితే తవిటమ్మ మళ్ళీ తిప్పింది. వాణ్ణి ఈడ్చుకొచ్చి అదే ఘాటు మెట్ల మీద నిలబెట్టి చెప్పుతో కొడతాను, ఉద్యోగం పోతే పోనీ అని తవిటమ్మ అరిచింది. మళ్ళీ తనే నోరు మూసుకుంది, గోడ అవతల జగ్గమ్మ ఉంది కాబట్టి.

“పిల్లకి అన్నం పెట్టేది నువ్వు. ఆడు కాదు” అంది అమ్మన్నమ్మ. “ఆ ఎర్రది ఏది?”

తవిటమ్మకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, వద్దత్తా, నేను నొక్కుతాను అంది. వేలు దాని మీద దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంత వెధవ అయినా, తల్లి చూస్తుండగా ఎలా చెరపడం? ముసలావిడ కోడలి చెయ్యి పక్కకి తీసేసింది. తన వేలు చీర కొంగుకి శుభ్రంగా తుడుచుకుని, గట్టిగా నొక్కింది.

సూరన్న పోయాడు. టీవీలో చెవిటివాళ్ళ వార్తలు వస్తున్నాయి. ఎవరో ఒకామె శబ్దం లేకుండా చేతులు తిప్పుతోంది. ఆ వరస మొత్తం చెరిగిపోయేదాకా అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని వార్తలు చూశారు.

ఖరగ్‌పూర్ నుంచి పోలిరాజు అగ్గిమీద గుగ్గిలమై తిరిగొచ్చాడు. అప్పడాలు వడ్డించే వేళకి ఎవరో ఆడది చేతులు ఊపుతూ వచ్చిందట, పెళ్ళికొడుకు తరఫు బంతి సగం లేదట, ఇంక ఆ రాయగడ వాళ్ళకి ఏం చెప్పుకోవాలట. తవిటమ్మ నోరు విప్పబోయింది. అమ్మన్నమ్మ అడ్డం పడి, ముసలిదాన్ని, తెలీక నొక్కేశాను అంది. లైనంతా నాలుగు రోజులు పడీ పడీ నవ్వింది.

మద్రాసు మెయిలు వేళకి అమ్మన్నమ్మ స్టేషనుకి వెళ్ళడం మానేసింది. మోకాళ్ళ నొప్పులంది.

పెద్దల అమావాస్య వచ్చింది. తవిటమ్మ మామగారి పేరున ఆకు వేసి వడ్డిస్తుంటే, పక్కన ఇంకో ఆకు వెయ్యమంది ముసలావిడ. ఎవరికత్తా అని అడిగింది తవిటమ్మ.

“మావోడికి” అంది.

బతికున్నాడని తెలియనన్నాళ్ళూ వెయ్యనివ్వని ఆకు అది. అమ్మన్నమ్మ తనే ఆకు వేసి, అన్నం పెట్టి, పప్పు వేసింది. అప్పడం తీసి రెండు అరచేతుల మధ్యా పెట్టి పిండి పిండిగా నలిపి, అన్నం మీద జల్లి, చప్పట్లు కొట్టినట్టు చేతులు దులుపుకుంది.

“సూస్తావేటి?” అంది. “నీళ్ళు తే.”