మూఢంలో ఆపరేషన్

బావ రాజమల్లు ఇంటి గడప మళ్ళీ తొక్కనని మొండయ్య తన భార్య యాకమ్మ పెద్దకర్మ నాడు చుట్టాలందరి ముందు అన్నాడు. కోపంలో అన్న మాటను ఎవరైనా రెండు మూడు పండుగలకు మింగేస్తారు. మొండయ్య మింగలేదు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఎనుమాముల మార్కెట్‌కు పోయే ఒకే తోవ. ఆ ఇంటి ముందుకు రాగానే మొండయ్య ఎక్సెల్ బండి జోరు పెంచేవాడు. అంతకంటే వాళ్ళతో చుట్టరికం మిగల్లేదు.

అందుకే ఆ జూన్ నెల పొద్దున పాలకూర కోస్తుంటే గట్టు మీద రాజమల్లు భార్య సుగుణ కనిపించేసరికి, అతనికి మంచి సంగతేదీ తోచలేదు.

"ఎవ్వలు సచ్చిండ్రు?" అన్నాడు, కొడవలి ఆపకుండా.

"ఇంక ఎవ్వలు సావలేదన్నా. నువ్వు రాకుంటే నా బిడ్డ సస్తది."

కొడవలి ఆగింది. సుగుణ బిడ్డ శ్రీలత. చిన్నప్పుడు సెలవులన్నీ యాకమ్మ దగ్గరే గడిపిన పిల్ల. మేనత్త చనిపోయినప్పుడు కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది. మొండయ్య రాజమల్లుతో తెంచుకున్నప్పుడు ఆ పిల్లతో కూడా తెంచుకున్నాడు.

"రొమ్ముల గడ్డ," అంది సుగుణ. "పరీక్షలన్ని చేసిండ్రు. చెడ్డ గడ్డనే అన్నరు. ఇంక పాకలేదట. ఇప్పుడు కోస్తే బతుకుతదని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. వచ్చే గురువారం రమ్మన్నది. మీ బావ వద్దంటాండు."

"ఎందుకు?"

సుగుణ తల దించుకుంది. "మూఢమట."

మొండయ్య కోసిన కూరను గంపలోకి విసిరేశాడు.

యాకమ్మకు కూడా గడ్డే. గర్భసంచిలో. దవాఖానలో తారీకు ఇచ్చారు. రాజమల్లు వచ్చి, మూఢంలో ఒంటి మీద కత్తి పెట్టొద్దు, మూఢం పోయాక చేయిద్దామన్నాడు. మొండయ్య ఆగొద్దని కొట్లాడాడు. కానీ తోడబుట్టినవాడు, ఇంటికి పెద్దవాడు. యాకమ్మ తన అన్న మాటే విన్నది. మూఢం వెనక ఆషాఢం వచ్చింది. ఆషాఢం వెనక కొత్త తారీకు కోసం తిరుగుడు వచ్చింది. తీరా కడుపు కోసిన డాక్టరు ఏమీ చేయకుండానే మళ్ళీ కుట్టేశాడు.

"మూఢమొక్కటే అయితే నేనే కొట్లాడుదు," అంది సుగుణ. "ఇప్పుడు ఇంకోటి పట్టుకున్నడు. ఫోన్ల ఎవడో చెప్తాండట. అమెరికోళ్ళ నౌక గురుగ్రహం సుట్టు తిరుగుతాందట. దాన్ని తీసి గురువులనే పడేస్తరట. దాంట్ల అణుబాంబు సరుకున్నదట. గురువు అంటుకోని రెండో సూర్యుడైతడట. ఇగ రాత్రే ఉండదట, పంటలు మాడి మనుషులు మాడి... పొద్దంత అదే వీడియో. పిల్ల గూడ చూసి చూసి బెదిరిపోయింది. 'అందరం పోయేటప్పుడు నన్నెందుకు కోయిస్తవే అమ్మా' అంటాంది."

"మీ ఆయనకు మనుషులను సంపుతందుకు ఒక్క మూఢం సాలలేదా?"

సుగుణ ఏడవలేదు. "నన్ను ఎన్నన్నా అను. ఒక్కసారి రా," అని వచ్చిన దారినే పోయింది.

మొండయ్య ఆ రోజు కూడా ఎప్పటిలాగే హనుమకొండకు కూర తీసుకుపోయాడు. చివరి ఇల్లు పద్మలత టీచరుది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. అతను మెట్ల మీద గంప దించి, కట్ట చేతికివ్వకుండా అడిగాడు.

"టీచరమ్మా, గురుగ్రహం అంటుకుంటదా?"

"పాలకూర కట్ట ఇంత సన్నగైంది. ముందు దానికి జవాబు చెప్పు."

"ఎండలు. నువ్వు చెప్పు."

ఆమె అతని ముఖం చూసి నవ్వు ఆపింది. విషయం విన్నాక మెట్టు మీదే కూర్చుంది.

"అది పాత లొల్లి మొండయ్యా. నేను సర్వీసుల ఉన్నప్పుడే ఒకసారి లేచింది. రెండు వేల మూడుల ఒక నౌకను నిజంగనే గురుగ్రహంల పడేసిండ్రు. దాంట్ల ప్లుటోనియం గూడ ఉండె. అప్పుడు గూడ రెండో సూర్యుడని ఇట్లనే మొత్తుకున్నరు. ఏమైంది? నౌక పడ్డది, మాడింది, పోయింది. ఆ తర్వాత శనిగ్రహంల ఇంకోటి పడేసిండ్రు. శని గూడ సల్లగనే ఉన్నడు."

"మరి ఇప్పుడు తిరిగేది?"

"దీంట్ల ఆ సరుకే లేదు. ఎండతోని నడుస్తది. మా డాబా మీద పలకలున్నయి సూడు, అసుంటివే ఇంక పెద్దయి."

"సరుకుంటే మాత్రం?"

"ఉన్నా అంటుకోదు. అది కరెంటు కోసం వేడిచ్చే సరుకు, బాంబు కాదు. గురువు సూర్యునిలెక్క కావాలంటే అసుంటి గురువులను ఎనభై దాక ఒక్క దగ్గర కుప్ప పొయ్యాలె. అంత బరువుంటే తప్ప లోపల రాజుకోదు. ఒకసారి తోకచుక్క ముక్కలై దాని మీద పడ్డది. మనుషుల బాంబులన్ని ఒక్కసారి పేల్చినా అంత దెబ్బ గాదు. నల్లగ మచ్చలు పడ్డయి, కొన్నాళ్ళకు అవి గూడ మాసిపోయినయి."

మొండయ్య ఆలోచించాడు. "అంటే తడిసిన వడ్ల కుప్ప మీద అగ్గిపుల్ల ఏసినట్టు."

"అంతే."

"కాని టీచరమ్మా, వడ్ల కుప్ప మరీ పెద్దగుంటే ఆవిరి పట్టి, అగ్గి లేకున్నా లోపల ఉడుకుతది గద!"

పద్మలత పెద్దగా నవ్వింది. "అందుకే చెప్పిన, కుప్ప సాలదని! ఇంక ఎనభై కుప్పలు కావాలె. ఇన్నేండ్లు చెప్పిన, ఒక్క పిల్లగాడన్న ఇట్ల అడగలేదు. ఇగ ఇయ్యి నా పాలకూర."

సాయంత్రం మొండయ్య బండి రాజమల్లు ఇంటి ముందు జోరు పెంచలేదు. ఆగింది. అతను దిగి, వాకిలి బయట, నడి బజారులో నిలబడ్డాడు.

"శ్రీలతా! ఓ శ్రీలతా! బయటికి రా బిడ్డా!"

ముందు రాజమల్లు వచ్చాడు, ఫోను చేతిలోనే ఉంది. "తొవ్వ తప్పినవా బావా?"

"నీ ఇంటికి రాలే. బజార్ల నిలబడ్డ. బజారు నీ అయ్యది కాదు."

సుగుణ చెంబుతో నీళ్ళు తెచ్చింది. మొండయ్య చెయ్యి చాపలేదు. ఆమె చెంబును గోడ మీద పెట్టింది. పక్కిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే అరుగుల మీదకు చేరారు. కొట్లాట చూడడానికి ఆ బజారులో ఎవరికీ పిలుపు అక్కర్లేదు.

శ్రీలత వచ్చి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది. "ఏంది మామా," అంది, నిన్న మొన్నటి దాకా మాట్లాడుకున్నట్టే. ఆ పిలుపు వినగానే మొండయ్య ఇంకా గట్టిగా అరిచాడు.

"గురువు అంటుకోడు! వినపడ్డదా? టీచరమ్మను అడిగిన. ఇంతకుముందే ఒకటి పడేసిండ్రు. నువ్వు బడికి పోయేటప్పుడే. మాడినవా? మీ నాయిన మాడిండా? ఇప్పుడున్న నౌకల ఆ సరుకే లేదు, ఎండతోని నడుస్తది. గురువు సూర్యుడు కావాలంటే అసుంటియి తొంభై కావాలె!"

"ఎవడు లెక్క పెట్టిండు తొంభై?" అన్నాడు రాజమల్లు.

"ఎనభయ్యో తొంభయ్యో. ఉన్నది ఒక్కటే."

"ఐదో తరగతి సదివినవ్, నాకు చెప్పొచ్చినవ్. ఇరవై లక్షల మంది సూసిండ్రు ఈ వీడియో."

"ఇరవై లక్షల మంది సూస్తే గురువుకు మంట అంటుకుంటదా? నీ ఫోనుకు అంటుకోవాలె ముందు."

అరుగుల మీద నవ్వులు లేచాయి. రాజమల్లుకు రోషం వచ్చింది. పడమర వైపు చెయ్యి చాపాడు.

"నవ్వుండ్రి! అగో, గాడ సూడుండ్రి. పోయిన నెల పొద్దుగూకంగనే ఆ చింతచెట్టు మీద గురువు ఎట్ల మెరిసె! అందరు సూసినోళ్ళే గద. రోజు రోజు కిందికి దిగిండు. ఇప్పుడేడి? సూపియ్యి బావా, గురువేడి?"

అందరూ అటు చూశారు. అప్పుడే పొద్దు గూకింది. మబ్బు లేదు. చింతచెట్టు మీద ఖాళీ ఆకాశం. ఎవరో ముసలమ్మ, "నిజమేనే అవ్వా," అంది. శ్రీలత గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. మొండయ్య కూడా తలెత్తి ఇంకోసారి వెతికాడు. టీచరమ్మ దీని గురించి చెప్పలేదు.

అప్పుడతనికి ఎముకలా గొంతులో ఇరుక్కున్న పాత మాట ఒకటి కదిలింది.

"బావా," అన్నాడు. ఈసారి అరవలేదు. "పిల్లకు ఆపరేషన్ ఎందుకు వద్దంటానవ్?"

"ఎన్నిసార్లు చెప్పాలె? మూఢం. గురు మూఢం నడుస్తాంది."

"గురు మూఢమంటే ఏంది?"

"మంచి పనులు చెయ్యద్దు."

"అది నువ్వు చెయ్యనిది. మూఢమంటే ఏంది?"

రాజమల్లు అరుగుల వైపు చూశాడు. అక్కడా జవాబు లేదు. పెళ్ళిళ్ళు ఆపినవాళ్ళు, ఇళ్ళలోకి దిగడం ఆపినవాళ్ళు, పుట్టువెంట్రుకలు ఆపినవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు.

యాకమ్మ పోయిన ఏడు మొండయ్య వరంగల్‌లో ఒక గుడి పంతులు దగ్గరికి పోయి ఇదే అడిగాడు. తన మనిషిని తీసుకుపోయింది ఏమిటో తెలుసుకోవాలనుకున్నాడు. పంతులు మంచివాడు. "ఏముంది నాయనా, గురుడు సూర్యుడి పక్కకు చేరితే ఆ వెలుగులో మనకు కనపడడు. కనపడని రోజులను మూఢం అంటాం. మళ్ళీ ఇవతలికి వస్తాడు. అంతే," అన్నాడు. ఆ 'అంతే' దగ్గర మొండయ్య గుడి మెట్లు దిగాడు. మళ్ళీ ఏ గుడి మెట్లూ ఎక్కలేదు.

"గురువు సూర్యుని ఎలుగుల కనపడకపోతే దాన్నే మూఢమంటరు," అన్నాడు మొండయ్య. "మూఢం నడుస్తాందని చెప్పేది నువ్వే. గురువు కనపడ్తలేడని ఏడ్చేది నువ్వే. కనపడితే అది మూఢమెట్లయితది బావా?"

శ్రీలత లోపలికి పోయింది. గోడ మేకుకున్న క్యాలెండర్‌తో తిరిగి వచ్చి, గుమ్మంలో దీపం కింద నిలబడి కాగితాలు తిప్పింది.

"గురు మౌఢ్యమి ప్రారంభం," చదివింది. కాగితం తిప్పింది. "గురు మౌఢ్యమి త్యాగం." తల ఎత్తి తండ్రిని చూసింది. "నాయినా, ఇది పోయినేడు అచ్చేసిండ్రు. గురువు కనపడకుండ పోయే రోజు, మళ్ళ కనపడే రోజు, రెండు రాసి పెట్టిండ్రు. మనింట్లనే ఉన్నది. రోజు పాలలెక్క దీని మీదనే రాస్తానం."

"సరే తియ్యి," అన్నాడు రాజమల్లు. గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "గురువు మంచిగనే ఉండనీ. ఆ త్యాగం రోజు దాక ఆగుదాం. ఎన్ని రోజులు గనుక?"

"యాకమ్మకు గూడ ఇదే అన్నవ్."

మొండయ్య గోడకు ఆనుకున్నాడు. ఆ గోడను తాకుతున్నానని కూడా అతనికి తెలియలేదు.

"సుక్క సూర్యుని సాటుకు పోతే మనం ఆగినం. గడ్డ ఆగిందా? గడ్డకు క్యాలెండర్ ఎవడు సదివి చెప్తడు బావా? అది మూఢంల పెరిగింది, ఆషాఢంల పెరిగింది. నువ్వు మంచి రోజు సూసేసరికి నా మనిషి పిడికెడైంది."

"మామా," అంది శ్రీలత. "అత్తది మూఢం కోసమే ఆపిండ్రా? నాకు అప్పటికే ముదిరిందని చెప్పిండ్రు."

"నీ నాయినను అడుగు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. రాజమల్లు ఫోను వైపు చూశాడు. అందులో ఆ మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎర్రటి గోళం ఒకటి వెనక మండుతూ ఉంది. రాజమల్లు దాన్ని ఆపలేదు, జవాబూ చెప్పలేదు. శ్రీలతకు అది చాలింది.

"గురువారం పొద్దుగాల బండి తీస్కరా మామా."

"నేను సంతకం పెట్ట," అన్నాడు రాజమల్లు.

"సంతకం నాది నాయినా. ఒళ్ళు గూడ నాదే."

గురువారం మొండయ్య కూర కోయలేదు. బండికి గంప కట్టే చోట బొంత మడిచి కట్టాడు. శ్రీలత బ్యాగు పట్టుకుని బయటికి వచ్చి కూర్చుంది. సుగుణ వెనక ఆటోలో వచ్చింది. ఊరి చివర ఒకరిద్దరు ఎదురుపడి, మూఢంలో ఎక్కడికని అడిగారు.

"ఆపరేషన్ చేపిచ్చుకుంటందుకు!" అని అరిచాడు మొండయ్య. "పొయ్యి అందరికి చెప్పుండ్రి!"

గడ్డ తీసేశారు. పాకలేదని కాగితం వచ్చింది. ఇంకా మందులు ఎక్కించాలి, జుట్టు రాలుతుంది, అన్నీ అయిపోయాయని ఎవరూ అనలేదు. బతుకుతుందని మాత్రం డాక్టరమ్మ మరోసారి గట్టిగా చెప్పింది.

మూఢం పోయిన కొన్నాళ్ళకు, వాన తెరిపి ఇచ్చిన ఒక తెల్లవారుజామున మొండయ్య మడికి నీళ్ళు మలుపుతున్నాడు. శాలువా కప్పుకుని శ్రీలత మెల్లగా గట్టు మీద వచ్చింది. వెనక రాజమల్లు. అతను గట్టు మొదట్లోనే ఆగిపోయాడు.

"నిద్ర పడ్తలేదు మామా," అంది శ్రీలత. తర్వాత తూర్పుకు చూసి నిలబడిపోయింది. పైన వేగుచుక్క ధగధగా ఉంది. దాని కింద, మోటారు గుడిసె మీదుగా, మబ్బుల సందున ఇంకో చుక్క. తెల్లగా, నిలకడగా.

"అదేనా?"

"అదే. మాడిందా ఏమన్నా?"

శ్రీలత నవ్వింది. నవ్వుతుంటే కుట్ల దగ్గర నొప్పి పుట్టి, చేత్తో పట్టుకుని మళ్ళీ నవ్వింది. మొండయ్య బండి మీది బొంత పరిచి ఆమెను కూర్చోబెట్టాడు.

రాజమల్లు కూడా ఆ చుక్కనే చూస్తున్నాడు. తర్వాత రెండు అడుగులు ముందుకు వేశాడు.

"బావా," అన్నాడు. "జర నీళ్ళియ్యి."

మొండయ్య పార ఆపలేదు. అతని వైపు తిరగలేదు.

"మోటర్ నడుస్తాంది. వంగి తాగు."