పదిహేనో స్థానం

"ఇంకోసారి టీ పెట్టు, చైర్మన్ గారు ఎనిమిదో నంబరు దగ్గరే ఆగిపోయారు," అని వంటింటి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి చెప్పి వెళ్ళిపోయాడు కోచ్. చెప్పింది భార్యకే గానీ చూసింది స్టవ్వు వంక.

ఆదివారం భోజనాలైన దగ్గర్నుంచి ఇది మూడో విడత టీ. అసోసియేషన్ ఆఫీసుకి రంగులు వేస్తున్నారని, రాబోయే టోర్నమెంటుకి జాతీయ మహిళా రగ్బీ జట్టు ఎంపిక ఈసారి వీళ్ళ ముందుగదిలో పెట్టుకున్నారు. సోఫాలో చైర్మన్ గారు. ఆయన పక్కన, మిగిలిన సోఫా అంతా నిండిపోయి, ఒకప్పుడు మగవాళ్ళ జట్టులో ఆడిన భారీ మనిషి. ఆయన్ని అందరూ గోడ అంటారు, ఆయనా ఆ పేరుకే పలుకుతాడు. ఎదురు కుర్చీలో ఆమె భర్త. సెలెక్టర్లు ఆ ముగ్గురే. ఇరవై ముగ్గురు ఆడపిల్లల్ని ఏరాలి, మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో నంబరు.

"ఎనిమిదో నంబరంటే మనిషి దిట్టంగా ఉండాలయ్యా. ఈ పిల్ల ఉఫ్ మంటే ఎగిరిపోయేట్టుంది," అంటున్నారు చైర్మన్ గారు.

"దిట్టం ఒక్కటే సరిపోదు సార్. స్క్రమ్ తోపులాటలో వెనక నిలబడి బంతి ఎప్పుడు అందుకోవాలో తెలియాలి. గత నాలుగు మ్యాచుల్లో పదకొండుసార్లు అందుకుంది, తొమ్మిదిసార్లు ముందుకు తీసుకెళ్ళింది," అని కోచ్ కాగితం చూసి గడగడా చదివాడు.

"భలే పట్టావోయ్!" అన్నాడు గోడ.

పట్టింది వంటింట్లో ఉంది. ఆరేళ్ళుగా ప్రతి మ్యాచ్ వీడియో ఆమే చూస్తోంది. పొద్దున్నే అందరి టిఫిన్లూ అయ్యాక భోజనాల బల్ల తుడిచి, ఒక పక్క కూరగాయలు, ఒక పక్క ల్యాప్‌టాప్ పెట్టుకుని, చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఏ పిల్ల ఎక్కడ తడబడిందో, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారో ఆపి ఆపి చూసి రాసుకుంటుంది. చూడాల్సిన ముక్కల్ని కత్తిరించి పేర్లు పెట్టి వరసగా సర్దుతుంది. ఆ రాతలన్నీ అట్ట వేసుకుని అసోసియేషన్‌కి వెళ్ళేసరికి అట్ట మీద కోచ్ పేరుంటుంది. "మా ఆవిడకి కాలక్షేపం, నాకు కాస్త చేతిసాయం," అంటాడు ఎవరన్నా అడిగితే. "ఇంత కోడలొచ్చి ఏం లాభం, పొద్దస్తమానం ఆ కుస్తీలు చూస్తూ కూర్చుంటుంది," అని అత్తగారు చుట్టాలకి చెబుతుంది. ఇద్దరూ కోపంతో అనే మాటలు కావు అవి. కోపంతో అన్నా బావుండేది, కనీసం ఎదురు చెప్పడానికి సందుండేది.

"సరే, పిట్ట సంగతి తేల్చండి," అన్నారు చైర్మన్ గారు. "పదిలో ఉంచుదామా, పదిహేనుకి పంపుదామా?"

టీ వడకడుతున్న ఆమె చెయ్యి ఆగింది. పిట్ట బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసే పిల్ల. ఇరవై రెండేళ్ళు. చూస్తే అరచేతిలో పట్టేట్టుంటుంది, బంతి చేతికొస్తే ఎవరికీ దొరకదు. పదో నంబరంటే ఆటని నడిపించే మనిషి. పదిహేనంటే అందరికన్నా వెనక ఒంటరిగా నిలబడే మనిషి. ఆకాశం నుంచి పడే బంతిని కళ్ళు పైకెత్తి పట్టుకోవాలి, మీదికి దూసుకొచ్చేవాళ్ళని ఒక్కతే ఆపాలి. దెబ్బలన్నీ అక్కడే.

"పదిహేనే," అన్నాడు కోచ్. "ధైర్యమున్న పిల్ల."

ఆమె ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. కప్పులు అందిస్తూ ల్యాప్‌టాప్‌కి తగిలించిన టీవీ తెర వంక చూసింది. పిట్ట పేరు కింద ఐదు వీడియో ముక్కలున్నాయి. ఆమె పెట్టినవి ఆరు. లేనిది మొదటిది. మర్చిపోకూడదని ఎర్రక్షరాలతో పేరు పెట్టి అన్నిటికన్నా పైన పెట్టింది.

"ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా?"

వంటింట్లోకి వచ్చాక అడిగింది, గొంతు తగ్గించి. "ఆ తల దెబ్బ వీడియో ఏదండీ?"

"తీసేశాను. చైర్మన్ గారు లేనిపోనివి ఊహించుకుంటారు."

"ఆ పిల్లకి తను ఏ జట్టో కూడా తెలియలేదు. మీరూ చూశారుగా."

"డాక్టరు కళ్ళల్లోకి లైటేసి చూశాడు, బానే ఉందన్నాడు. ఆటన్నాక తగులుతాయి. రెండ్రోజుల్లో లేచి తిరుగుతుంది. నువ్వు లేచి తిరగడం లేదూ?"

అని, ప్లేటులో బిస్కెట్లు సర్దుకుని తనే పట్టుకెళ్ళాడు.

లేచి తిరుగుతోంది, నిజమే. పదకొండేళ్ళ కిందట ఇదే జట్టులో ఆమె తొమ్మిదో నంబరు. సెమీఫైనల్లో ఎవరిదో మోకాలు కణతకి తగిలి పడిపోతే అప్పటి అసిస్టెంట్ కోచ్ పరిగెత్తుకొచ్చి వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. రెండంది. "శభాష్, వెళ్ళు," అని వీపు తట్టి పంపాడు. ఆయన చూపించినవి మూడని తోటి పిల్ల ఒకతి తర్వాతెప్పుడో చెప్పింది. అప్పటికి ఆ అసిస్టెంట్ కోచ్‌తోనే పెళ్ళయిపోయింది. ఆ మ్యాచ్ తర్వాత ఆమెకి వాసనలు లేవు. సబ్బు లేదు, వాన లేదు, పుట్టిన బిడ్డ మాడు వాసన లేదు. పాలు మాడి గిన్నె నల్లబడేదాకా తెలియదు. "ముక్కుందా లేదా అమ్మాయ్?" అని అత్తగారు అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. వండిన ప్రతి కూరా బల్ల మీదికి రాకముందు అత్తగారి ముక్కు కిందకి వెళ్ళి రావాలి. ఇదంతా తన మతిమరుపనీ, అజాగ్రత్తనీ ఆమె చాలాకాలం తనే నమ్మింది. ఒక్క డాక్టరుకీ చూపించుకోలేదు.

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. బల్ల మీది ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, మొత్తం మ్యాచ్ తెరిచి, అరవై మూడో నిమిషం దగ్గర ఆపింది.

"పిట్టని ఎక్కడ పెట్టాలో తేల్చేముందు ఇది చూడండి."

"ఇప్పుడెందుకోయ్ ఇదంతా?" అన్నాడు భర్త నవ్వు మొహంతో.

తెరమీద పిట్ట ఎదురొచ్చిన పిల్లని ఆపబోయి తల కొట్టుకుని పడింది. కాసేపటికి లేచింది. లేచి, నడుచుకుంటూ వెళ్ళి ఎదుటి జట్టు వరసలో నిలబడింది. చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, బంతి కోసం బుద్ధిగా ఎదురుచూస్తోంది. ఎదుటి జట్టు పిల్లే ఒకతి ఆమె భుజాలు పట్టుకుని ఇటువైపు తిప్పి మెల్లిగా తోసింది.

చైర్మన్ గారు ముందు ఫక్కున నవ్వారు. తర్వాత ఆపేశారు.

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నాడు గోడ. రెండోసారి చూశాక కప్పు కింద పెట్టేశాడు. "ఈ పిల్ల వద్దు. ఇంటికి పంపించి వైద్యం చేయించండి."

"డాక్టరు సరేనన్నాక మనమెవరం?" అన్నారు చైర్మన్ గారు. "పిట్ట లేకపోతే ఆట చూడ్డానికి ఎవరొస్తారు? అమ్మా, నీ మనసు మంచిదే. కానీ ఇది జట్టు వ్యవహారం. ఏమయ్యా కోచ్?"

కోచ్ భార్య వంక చూడలేదు. "పదిహేను," అన్నాడు.

ఇద్దరి మాటే నెగ్గింది. పదిహేనో నంబరు ఎదురుగా పిట్ట పేరు పడింది. ఖాళీ కప్పులు ట్రేలో పెట్టుకుని ఆమె లోపలికి వచ్చేసింది.

ఆ సాయంత్రమే, అంట్లు తోమడం అయ్యాక, టోర్నమెంటు వైద్యాధికారికి ఉత్తరం రాసి వీడియో జతచేసి పంపింది. పంపేచోట ఒక గడి ఉంది, జట్టులో మీ హోదా ఏమిటని. చాలాసేపు ఆలోచించింది. కోచ్ భార్య అని రాసి కొట్టేసింది. "ఆరేళ్ళుగా ఆటలన్నీ చూస్తున్నదాన్ని" అని రాసి, కింద తన పేరు పెట్టింది.

నాలుగో రోజున పిట్టని ఆపేశారు. పరీక్షలన్నీ అయ్యేదాకా మైదానంలో అడుగు పెట్టకూడదన్నారు. కోచ్‌ని సంజాయిషీ అడిగారు.

"ఇంటి గుట్టు వీధిలో పెట్టావు," అన్నాడు భర్త. అరవలేదు. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టి జిప్పు లాగి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

"ఆ పిల్ల తల ఇంటి గుట్టెలా అవుతుందండీ?"

తాళంచెవి జేబులో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్తగారు మాత్రం ఆ రోజంతా గోడలతో మాట్లాడింది, మొగుడి ఉద్యోగం మీదే మన్ను పోసిన ఆడదాన్ని తన బతుకులో చూడలేదని.

గురువారం మధ్యాహ్నం పిట్ట ఫోను చేసింది. వెనకాల మిషన్ల రొద.

"అక్కా, నేను పిట్టని. ఒక్క మాట అడగాలి. మీ ఇంట్లో ఆడపిల్లయితే ఇలాగే చేసేవారా? పన్నెండో ఏటి నుంచి ఆడుతున్నా అక్కా. మా నాన్న మొదటిసారి ఆట చూడ్డానికి వస్తానన్నాడు. ఆయనకి చొక్కా కూడా కుట్టి పెట్టాను. మీరు పెళ్ళి చేసుకుని మానేశారు, ఇంకెవరూ ఆడకూడదా?" ఏడ్చింది. "మీ మొహం చూడను," అని పెట్టేసింది.

ఆమె ఫోను కింద పెట్టింది. అనవలసిన మాటలే అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే మళ్ళీ ఫోను మోగింది.

"అక్కా, నేను పిట్టని. ఒక్క మాట అడగాలి. మీ ఇంట్లో ఆడపిల్లయితే ఇలాగే చేసేవారా?"

కోపం ఇంకా తీరలేదు కాబోలనుకుని, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని వింది. పన్నెండో ఏటి నుంచి ఆడుతున్నానంది పిట్ట. నాన్న మొదటిసారి వస్తానన్నాడంది. చొక్కా కుట్టి పెట్టానంది. నిన్న ఆగిన చోటే ఆగింది. నిన్న ఏడ్చిన చోటే గొంతు జీరపోయింది.

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పిట్టా," అంది మెల్లిగా. "నిన్న కూడా మాట్లాడుకున్నాం కదమ్మా ఇది?"

అటువైపు మిషన్లు మోగుతున్నాయి. వాటి మధ్యనుంచి చిన్న గొంతు వినిపించింది.

"నిన్నా? నిన్న మనమెక్కడ మాట్లాడుకున్నాం అక్కా?"

తువ్వాలు జారిపోయింది. ఆమె లేచి నిలబడి చెప్పులు వెతుక్కుంది.

"ముందు మిషను ఆపు తల్లీ. ఆపి, సూది దగ్గర్నుంచి చెయ్యి తీసి, అక్కడే కూర్చో. ఎవరు లెమ్మన్నా లేవకు. నేను వస్తున్నా."