రెబ్కా అరచెయ్యి

ఫరీదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెబ్కా ఎమ్మారై గది నర్సు. పొద్దున్న ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి. రోగుల ఒంటి మీది గొలుసులు, గాజులు తీయించడం, భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడం ఆమె పని. మెషిన్ మొరాయించిన రోజున ఇంకో పని కూడా ఉండేది. రోగి తల మీద ఆమె అరచెయ్యి పెడితే లోపలి మెదడు ఎదురుగోడ మీద కనిపించేది. "దీదీ, జరా హాథ్ రఖ్ దో", కాస్త చెయ్యి పెట్టమ్మా, అని డాక్టర్లు పిలిచేవారు. ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్లేది. మెషిన్‌కి దొరకనివి కూడా ఆ చేతికి దొరికేవి.

ఆ శనివారం మధ్యాహ్నం చెల్లెలు స్తుతి ఫోన్ చేసింది. "అక్కా, రేపు నన్ను నరసాపురం, పుట్టింటికి పంపించేస్తున్నారు" అని పెట్టేసింది.

రెబ్కా యూనిఫాం కూడా మార్చుకోకుండా మెట్రో ఎక్కి ఢిల్లీ మయూర్ విహార్‌లోని చెల్లెలి ఇంటికి వెళ్లింది. స్తుతి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎనిమిది నెలలుగా అంతే. తల దువ్వుకోదు, సరిగ్గా తినదు.

"ఇంక నా వల్ల కాదు వదినా," అన్నాడు స్తుతి భర్త టిమోతి. "పొద్దస్తమానం పడకే. అంతా నాటకం."

"నాటకం కాదురా, విశ్వాసం లేకపోవడం," అన్నాడు అతని తండ్రి సాలొమోను. ఆయన చర్చిలో పెద్ద. "ఎన్ని ప్రార్థనలు చేయించాను! లేవాలన్న మనసే లేదు ఈ పిల్లకి."

రెబ్కా చెల్లెలి తల మీద చెయ్యి పెట్టింది. గోడ మీద మెదడు వెలిగింది.

"ఇదిగో, లోపల సముద్రపు గుర్రంలా వంకర తిరిగి ఉందే, దిగులు జబ్బు తినేసే చోటు ఇదే, ఎంత చిక్కిపోయిందో చూడండి. ఇలాంటి పిల్ల నాటకాలాడుతోందంటారా?"

టిమోతి గోడ వైపు చూశాడు. "అంటే బుర్రే పాడన్నమాట. పెళ్లికి ముందే చెప్పాలి కదా?" అంటూ ఫోన్ తీశాడు. "ఒక ఫొటో తీసుకుంటా. విడాకుల లాయర్‌కి పనికొస్తుంది."

రెబ్కాకి ఒళ్లు మండిపోయింది. ఆ ఫోన్ లాక్కుని మంచం మీదకి విసిరేసింది. "పాడు కాదు, జబ్బు! వైద్యం చేయిస్తే కోలుకుంటుంది. నిన్నటిదాకా జబ్బే లేదన్నావు. ఇవాళ జబ్బుందని వదిలేస్తావా? సిగ్గుందా నీకు?"

"గొంతు తగ్గించమ్మా," అన్నాడు సాలొమోను.

రెబ్కా రెండో చెయ్యి ఆయన నెరిసిన తల మీద పెట్టింది.

మొదటి మెదడు పక్కన ఇంకొకటి వెలిగింది. అదే చోటు, స్తుతికన్నా ఎక్కువ చిక్కిపోయి ఉంది. గోడవైపు తిరిగి ఉన్న స్తుతే ముందు చూసింది.

"మావయ్యా, మీక్కూడానా?"

సాలొమోను మంచం అంచున కూలబడ్డాడు. "టిమోతి చిన్నప్పటినుంచీ ఉంది," అన్నాడు. "బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాణ్ణి. నాకు విశ్వాసం చాల్లేదనుకున్నాను."

"మరి అదే మాట ఈ పిల్లని అనడానికి మీకు నోరెలా వచ్చింది?" అంది రెబ్కా.

 ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఆ నరసాపురం టికెట్ కేన్సిల్ చెయ్యి."

"నాన్నా, అది కాదు..."

"చెయ్యమన్నాను."

రెబ్కా కోపం తగ్గలేదు. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది. సాలొమోను ఆమె ముఖం చూడలేక, నేల చూస్తూ వెనక నుంచి పిలిచాడు.

"అమ్మా, సోమవారం మీ ఆసుపత్రిలో మానసిక డాక్టరుగారు ఉంటారా?"

"ఉంటారు."

"అయితే ఓపీ చీటీలు రెండు రాయించు."