రెండు కీబోర్డులు, ఒకే గొంతు

నేను ఒక రిసీవర్ని. చిటికెన వేలి గోరంత ఉంటాను. కొందరు డాంగిల్ అంటారు, కొందరు యూఎస్‌బీ ముక్క అంటారు. కంప్యూటరు వెనక దుమ్ములో కూర్చుని, వైరు లేని కీబోర్డూ మౌసూ గాలిలో పంపే సంకేతాలను అందుకుని కంప్యూటరుకు అందించడం నా పని. ఏ మీట నొక్కారో నాకు తెలుస్తుంది. ఎందుకు నొక్కారో తెలియదు. అందువల్ల నా బతుకులో సగం అయోమయమే.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో ఒక కీబోర్డునూ ఒక మౌసునూ నాకు జత చేసి, ముగ్గురినీ ఒకే అట్టపెట్టెలో పెట్టారు. విశాఖపట్నం దుకాణంలో కొన్నాళ్లు ఉన్నాక పెంటారావు అనే పాలిటెక్నిక్ లెక్చరర్ మమ్మల్ని కొని అనకాపల్లిలో ఉన్న తన అక్క నూకరత్నం ఇంటికి తెచ్చాడు.

ఆ ఇంటాయన పేరు మళ్ల సన్నిబాబు. బెల్లం మార్కెట్లో వేలం పాట పాడేవాడు. బెల్లం దిమ్మల వరసల మధ్య నిలబడి ధర పిలిస్తే రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినిపించేదట. ఆ గొంతు నేను వినలేదు. నేను వచ్చేసరికే గొంతులో పుండు ముదిరి, డాక్టర్లు స్వరపేటిక తీసేశారు.

పెంటారావు తన పాత కంప్యూటరులో లినక్స్ అనే సాఫ్ట్‌వేరు వేసి, తెలుగులో కొట్టిన మాటను పైకి చదివే ఏర్పాటు చేశాడు. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాడు. బావ ఆసుపత్రిలో ఉండగానే అక్కకు టైపు నేర్పాడు. నాకు ఏమేం జత అయి ఉన్నాయో, వేటి బ్యాటరీ ఎంత ఉందో చూపే చిన్న ప్రోగ్రామును కూడా ఆమెకే అప్పగించాడు. ఆయన ఇంటికి వచ్చాక ఆమె ఆయనకు నేర్పింది.

కొన్నాళ్లకు కీబోర్డు మీద టీ ఒలికి సగం మీటలు పని మానేశాయి. పెంటారావు ఇంకో కీబోర్డు తెచ్చి దాన్నీ నాకే జత చేశాడు. పాతదాన్ని నూకరత్నం విప్పి, తుడిచి, ఎండలో పెట్టింది. అది మళ్లీ బతికింది. దాన్ని వంటింటి అలమరలో పెట్టుకుంది. నాకు ఇద్దరు పిల్లలైనట్టయింది. కంప్యూటరుకు మాత్రం ఆ తేడా పట్టలేదు. ఎటు నుంచి వచ్చిన అక్షరమైనా దానికి ఒకటే.

సన్నిబాబు ఆ కొత్త కీబోర్డును ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాగని దానితో ఎక్కువ మాట్లాడేవాడూ కాదు. కాఫీ, మందు, ఫ్యాను ఆపు, ఇంతే. ఎవరైనా చూడవస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఫోను మోగితే పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

ఆయన పెరట్లో ఉండగా నాకు పాత కీబోర్డు నుంచి అక్షరాలు రావడం మొదలైంది. నూకరత్నం ఫోనును స్పీకరు ముందు పెట్టి, వంటింట్లోంచి టైపు చేసేది. "బాగున్నాను. అన్నం తింటున్నాను. మీ గేదె ఈనిందా?" అని యంత్రం ఎత్తూ పల్లమూ లేని ఆ గొంతుతో అడిగేది. అవతలివాళ్లు సన్నిబాబే అనుకుని సంతోషించేవాళ్లు. సన్నిబాబు ఎప్పుడూ అలాంటివి అడగడు కదా, మరి ఇది ఎవరి మాట అని నేను తికమకపడేవాణ్ని. అయినా అందించడమే నా పని, అందించాను.

మార్కెట్ వ్యాపారి కాండ్రేగుల పరమేశు పదేపదే ఫోను చేసేవాడు. కొత్తగా పాట పాడే కుర్రాళ్లకు రంగు చూసి, విరిచి చూసి దిమ్మను అంచనా కట్టడం రావడం లేదని, రైతులు నష్టపోతున్నారని, సన్నిబాబు వచ్చి పక్కన కూర్చుంటే చాలని అతని గోడు. ఒకరోజు యంత్రం అతనితో "వస్తాను" అంది.

పరమేశు సంబరపడి ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేశాడు. సన్నిబాబుకు గోడవైపు తిరిగే వ్యవధి కూడా దొరకలేదు. ఫోనులో అన్న మాట ప్రకారం ఎప్పటి నుంచి వస్తావని పరమేశు అడిగితే ఆయన తెల్లబోయాడు. కీబోర్డు ఒళ్లోకి లాక్కుని "రాను" అని కొట్టసాగాడు. సరిగ్గా అప్పుడే వంటింటి వైపు నుంచి "వస్తాను" అనే అక్షరాలు బయలుదేరాయి. ఏది ముందు వస్తే దాన్ని నేను పైకి పంపాను. నాకు వేరే దారి లేదు.

"రావనుస్తాను" అంది యంత్రం.

"బావా, వస్తానంటన్నావా, రానంటన్నావా? నాకేటీ అర్థం కావట్నేదు," అన్నాడు పరమేశు.

సన్నిబాబు చేతులు పైకెత్తేశాడు. ఆయన చూస్తుండగానే తెరమీద అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే చెరిగిపోయాయి. వాటి చోట "వస్తాను" అని పడింది. యంత్రం చదివింది. శుక్రవారం పొద్దున్న ఆటో తెస్తానని చెప్పి పరమేశు వెళ్లిపోయాడు.

ఆయన తన చేతులను చూసుకున్నాడు. కీబోర్డును తిరగేసి, బ్యాటరీలు తీసి మళ్లీ పెట్టాడు. తరవాత తలెత్తి వంటింటి వైపు చూశాడు. నూకరత్నం దాచలేదు. పాత కీబోర్డు చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఫోనొస్తే మీరు ఎల్లిపోతన్నారు," అంది. "మనిషి బతికే ఉన్నాడని ఎవులో ఒకలు చెప్పాల కదా. నేను చెప్తే నమ్మరు. అందుకే మీలాగ చెప్పినాను."

ఆయన టైపు చేశాడు. మీట ఎంత గట్టిగా పడిందో నాకు తెలియదు. ఎంత వెంటవెంటనే పడ్డాయో తెలుసు. అంత వేగం ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

"గొంతు కోసింది డాక్టర్లు. మిగిలిన మాట కోసింది నువ్వు," అని యంత్రం కాఫీ అడిగినంత మామూలుగా చదివింది.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఆ ప్రోగ్రాము తెరిచి, పాత కీబోర్డును నా నుంచి తొలగించింది. నిజంగా తీసేయమంటారా అని అది అడిగితే అవునంది. ఆ క్షణం నుంచి ఆ కీబోర్డు నాకు పరాయిది.

తరవాత ఫోను మోగి మోగి ఆగిపోయేది. ఆయన పెరట్లో ఉండేవాడు, ఆమె వంటింట్లో ఉండేది. నాకు అందించడానికి కాఫీ, మందు, ఫ్యాను తప్ప ఏమీ లేవు.

శుక్రవారం పరమేశు ఆటో తెచ్చాడు. సన్నిబాబు కుర్చీ చూపించి కీబోర్డు తీసుకున్నాడు. "ఆ మాట నాది కాదు. నూకరత్నం అంది," అని చెప్పించాడు. పరమేశుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇన్నాళ్లూ గేదె సంగతి అడిగింది కూడా నువ్వు కాదా అన్నాడు. సన్నిబాబు కాదన్నట్టు తలాడించాడు. పరమేశు లేచి చెప్పులు వేసుకున్నాడు.

 అతను గుమ్మం చేరేలోగా నాకు ఒక్కో అక్షరం ఆగి ఆగి వచ్చింది. వ. స్తా. ను.

యంత్రం చదవగానే పరమేశు గుమ్మంలో ఆగి, అనుమానంగా వంటింటి వైపు చూశాడు. యంత్రం మాట విని నూకరత్నం తలుపు దగ్గరికి వచ్చింది. గారెల పిండి కలుపుతూ ఉంది కాబోలు. మోచేతుల దాకా పిండి అంటిన రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"అయితే ఇది నువ్వే," అన్నాడు పరమేశు సన్నిబాబుతో. ఆయన అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

ఇప్పుడు ఆయన వారంలో చాలా రోజులు మార్కెట్‌కి వెళ్తున్నాడు. అక్కడ మాటలతో పెద్దగా పని లేదట. దిమ్మ విరిచి వేళ్లు చూపిస్తే కుర్రాళ్లు ధర పిలుస్తారట. ఇంటికి వచ్చి అదంతా నా ద్వారా నూకరత్నానికి చెబుతాడు. ఫోను మోగితే తనే స్పీకరు ముందు పెడతాడు.

ఒక ఆదివారం ఆయన పెంటారావును అడిగి, ఆ ప్రోగ్రాములో ఎక్కడ నొక్కాలో తెలుసుకుని, పాత కీబోర్డును తన చేత్తోనే నాకు మళ్లీ జత చేశాడు. కొత్త బ్యాటరీలు వేసి వంటింటి అలమరలో పెట్టి వచ్చాడు. నూకరత్నం చూసింది. ఆ తరవాత దాని మీద ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.

రోజూ పొద్దున్నే సన్నిబాబు ఆ ప్రోగ్రాము తెరిచి, పాత కీబోర్డు బ్యాటరీ ఎంత ఉందో చూస్తాడు. ఎవరూ వాడలేదు కనుక నిండుగానే ఉందని నేను చెబుతాను. ఆయన కాసేపు అలాగే చూసి మూసేస్తాడు. అది తగ్గలేదని నిశ్చింతగా వెళ్తున్నాడో, ఇంకా తగ్గలేదేమని దిగులుపడుతూ వెళ్తున్నాడో నాకు ఈనాటికీ తెలియడం లేదు.