లోడు లేదనుకున్న పెట్టె

పనిచేసే చోట అతన్ని అందరూ పిసినారి అనేవారు. డబ్బు విషయంలో కాదు లెండి, ఆ మాటకొస్తే అందరి టీ ఖర్చూ అతనిదే. అతని పిసినారితనమంతా కరెంటు దగ్గర. బ్యాటరీలోని కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే కన్వర్టర్ పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. అలా మార్చేటప్పుడు కొంత కరెంటు వేడిగా మారి వృథా అవుతుంది. ఆ కాస్త పోయినా అతనికి ప్రాణం ఉసూరుమనేది. పెట్టె లోపలి చిప్‌కు తనే ప్రోగ్రామ్ రాసి, ఆ నష్టాన్ని గోరంత గోరంతగా తగ్గించుకుంటూ వచ్చాడు.

ఇక ఒక్క బాధే మిగిలింది. ఇంట్లో ఏమీ వాడకపోయినా కన్వర్టర్ ఊరికే మేలుకుని బ్యాటరీని తినేస్తూ ఉంటుంది. పనిలేనప్పుడు మేలుకోవడం ఎందుకు, దండగ! లోడు, అంటే ఇంట్లో లాగే కరెంటు, బాగా తగ్గిపోయిందంటే ఎవరూ వాడటం లేదని లెక్క. వెంటనే నిద్రపో, మధ్యమధ్యలో ఓసారి కన్ను తెరిచి ఎవరైనా అడుగుతున్నారేమో చూడు. ఇదీ అతను దానికి నేర్పిన బుద్ధి. బల్బులు పెట్టి పరీక్షించాడు. బల్బు వెలిగితే పూర్తిగా వెలుగుతుంది, ఆరితే పూర్తిగా ఆరుతుంది. పెట్టె ఒక్కసారి కూడా పొరబడలేదు. మేనేజరు భుజం తట్టి మెచ్చుకున్నాడు.

మొదటి పెట్టెను అతను ఇంటికే తెచ్చాడు. నాన్నకు ఊపిరితిత్తులు పాడై చాలాకాలమైంది. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం ఉండేది. నాన్న ఊపిరి లాగినప్పుడల్లా అది టక్కుమని కాస్త ఆక్సిజన్ వదిలేది, మిగతా సమయం ఊరుకునేది. కరెంటు అందకపోతే కుయ్యోమని అరిచే అలారం కూడా దానికి ఉండేది. చప్పుడంటే గిట్టని ఆ పెద్దమనిషి, దాని తీగ పీకేదాకా కొడుకును బతకనివ్వలేదు. ఆ ఏడుపేదో నేను పోయాక ఏడవమను అని విసుక్కుంటే అక్క తల కొట్టుకుంది. కరెంటు పోయినా యంత్రాన్ని నడపడానికి కొత్త పెట్టె ఉందిగా, భయమేముందిలే అని అతనూ తీగ పీకేశాడు.

ఒక మధ్యాహ్నం అతను ఆఫీసులో ఉండగా ఇంటి దగ్గర కరెంటు పోయింది. అక్క ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు. అప్పటికే నాన్న లేడు. మనిషి బాగా నీరసించిపోయాడు, ఇది అనుకుంటున్నదేగా అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. అతనూ అదే నమ్మి ఏడ్చాడు.

వచ్చినవాళ్ళందరికీ అక్క ఒకటే మాట చెప్పింది. తమ్ముడి పెట్టె నాన్నను కడదాకా కనిపెట్టుకుని ఉందట. కరెంటు అంతసేపు పోయినా బ్యాటరీ ఇంకా నిండుగానే ఉంది చూడండి అంటూ పెట్టె మీది మీటరును వేలుపెట్టి చూపించింది. అతనూ చూశాడు. యంత్రం నడిచి ఉంటే బ్యాటరీ సగానికి పడిపోయి ఉండాలి. ఆ రాత్రి పెట్టె చిప్‌లో నమోదైన లెక్కలు తీసి చూశాడు.

నాన్న ఊపిరి బల్బులా ఒక్కసారిగా ఆరలేదు. సన్నబడుతూ, ఆగి ఆగి వస్తూ తగ్గింది. దాంతోపాటే యంత్రం లాగే కరెంటూ తగ్గింది. ఎవరూ లేరనుకుని పెట్టె నిద్రపోయింది. మధ్యలో కన్ను తెరిచినా, ఆ పాత యంత్రం మళ్ళీ మొదలయ్యేలోపే మూసేసింది. మనిషి బతికుండగానే దాని లెక్కలో లేకుండా పోయాడు.

ప్రోగ్రామ్‌లో తప్పుందని చెప్పి ఆఫీసులో పెట్టెలు బయటికి పోకుండా ఆపించాడు. ఆ తప్పు ఎక్కడ బయటపడిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాన్న ఎలాగూ పోయేవాడే కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాడు. అది వింటేగా! అక్క ఎదురుగా కూర్చుంటే సగం తిని లేచిపోయేవాడు.

కొన్నాళ్ళకు పక్కింటావిడ వచ్చింది. వాళ్ళాయనకూ అదే జబ్బు. ఆ పెట్టె మీకిక అక్కర్లేకపోతే ఇస్తారా అని మొహమాటపడుతూ అడిగింది. అంతకంటేనా అంటూ అక్క దాన్ని గుడ్డతో తుడిచి ఆవిడ చేతికివ్వబోయింది.

"అక్కా, అది ఇవ్వకు."

"అదేంట్రా? నాన్నని చూసుకున్న పెట్టె, ఇంకొకరికి పనికొస్తే మంచిదేగా?"

"చూసుకోలేదక్కా. మధ్యలో ఆగిపోయింది. లోడు తగ్గితే పడుకోమని నేనే రాశాను. నాన్న ఊపిరి మరీ చిన్నదైపోయి దానికి కనపడలేదు."

అక్క తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె పెట్టెను మెల్లగా బల్లమీద పెట్టింది. ఉండాలో వెళ్ళాలో తెలియక పక్కింటావిడ గుమ్మం పట్టుకుంది.

"నాన్నకి నిద్ర పట్టినప్పుడల్లా ఆ యంత్రం టక్కుటక్కులు తగ్గేవిరా" అంది అక్క. "ఆ రోజు మొత్తానికే ఆగిపోయాయి. హమ్మయ్య, ఇవాళైనా నాన్నకి కంటినిండా నిద్ర పట్టింది అనుకున్నాను. లేస్తాడేమోనని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాను."