మూడో పిలుపు

చెన్నూరులో మా వాడను గోదావరి ముంచిన మరునాడు, దారి చూపడానికి సైనికులు నన్ను పడవ ఎక్కించుకున్నారు. మా అత్త నాగవ్వ మేడమీదే ఉండిపోయిందో, పొరుగువాళ్లతో శిబిరం పెట్టిన బడికి చేరిందో ఎవరూ చెప్పలేకపోయారు.

హవల్దారుది శ్రీకాకుళం. "పడవలోంచి నా గొంతొక్కటే వినిపించాలమ్మా. మీరు పేర్లు చెప్పండి. ఒకసారి పిలిచి, ఇంజన్ ఆపి వింటాం. జవాబు లేకపోతే గోడ దగ్గరికి వెళ్లం, ప్రవాహం పడవను విసిరి కొడుతుంది" అన్నాడు.

పద్ధతిగానే ఉంది. ఒప్పుకున్నాను.

పొద్దు గూకుతోంది. ముసురు. నేను మెల్లగా చెప్పిన పేరును ఆయన మైకులో పిలిచాడు. "రాజం గారూ!"

ఇంజన్ ఆగింది. లోపలి నుంచి తలుపును నీళ్లు తడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఖాళీ" అన్నాడు పక్కనున్న జవాను. మేము దాటాక చూశాను. రాజం వాళ్ల పైకిటికీ రెక్క నెమ్మదిగా మూసుకుంది. గాలికేమో అనుకున్నాను.

తరువాతిది మా ఇల్లు. "నాగవ్వ గారూ!"

పలుకు లేదు. హవల్దారు చెయ్యి ఇంజన్ మీదికి పోయింది.

అప్పుడు తట్టింది నాకు. మా వైపు పొద్దుగూకినంక పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు ఎవరూ పలకరు, రెండోదానికీ పలకరు. చచ్చినవాళ్లు మూడోసారి పిలవలేరంటారు. పైగా నాగవ్వను 'గారూ' అన్న మనిషి మా వాడలో పుట్టలేదు. ముఖం లేని ఈ గొంతు వింటూ, ఆ ఇళ్లలో అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"సార్, ఇంకో రెండుసార్లు పిలవండి" అని కారణం చెప్పాను.

"మా పద్ధతి ఒక్కసారేనమ్మా."

"లోపలున్నోళ్ల పద్ధతి మూడుసార్లు."

ఆయన నవ్వలేదు. మైకెత్తి మళ్లీ పిలిచాడు. మూడో పిలుపుకు కిటికీ తెరుచుకుని అత్త తల బయటపెట్టింది.

"ఎవల్రా నువ్వు? కాళ్లు సూపియ్యి!"

"పాదాలు వెనక్కి తిరిగున్నయేమోనని అడుగుతుంది" అన్నాను. ఆయన పడవ అంచుమీద కాలు పెట్టి టార్చి వేశాడు.

"బూటిప్పు. బూటు ఎటన్న తొడుగొచ్చు."

జవాను ముఖం తిప్పుకున్నాడు. హవల్దారు లేసు విప్పి, నానిపోయిన తెల్లటి పాదం బయటపెట్టాడు.

"మనిషే" అని, పడవ గోడకు ఆనగానే అత్త ఆయన భుజం పట్టుకుని పడవలోకి దిగింది.

"తిరుగుదారిలో ప్రతి ఇంటినీ మూడేసిసార్లు పిలుద్దాం" అన్నాడాయన.

"నన్ను మాత్రం నాలుగుసార్లెందుకు పిలిచినవు బిడ్డా?"

"మూడేనమ్మా."

"నాలుగు. ఒకటి ఇంటెనుక నుంచి ఇనవడ్డది."

మేమెవరమూ వినలేదు. ఇంటెనుక నీళ్లు తప్ప ఏమీ లేవు. హవల్దారు అటు తిరిగి గొంతెత్తాడు. "ఎవరక్కడ?"

మొదటి పిలుపుకే, "ఓ..." అని జవాబొచ్చింది.

అత్త గోళ్లు నా మణికట్టులో దిగాయి. "పోవద్దని చెప్పు మహేశ్వరీ. అది మనిషి గాదు."

హవల్దారు నావైపు చూశాడు. గొంతు వినబడితే వెళ్లాలి, అది ఆయన పద్ధతి.

నేను అత్తను దగ్గరికి జరుపుకుని, పక్కన ఇంకొకరికి చోటు చేశాను.